వెనక్కి నడవడం నేర్చిన ట్యాంకు

టీ-72 ట్యాంకు ముందుకైతే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. వెనక్కి మాత్రం నాలుగే, అంటే మనిషి తీరిగ్గా నడిచే వేగం. 1970ల మొదట్లో సోవియట్ సైన్యంలో చేరిన ఈ బండికి ముందుకు 7 గేర్లు, వెనక్కి ఒకే ఒక్కటి. కాగితం మీద చిన్న సంగతే, యుద్ధభూమిలో ప్రాణం మీదికొచ్చే సంగతి. ట్యాంకుకు మందపాటి కవచమంతా ముఖానే ఉంటుంది. గుట్ట చాటునుంచి తలెత్తి, ఒక గుండు పేల్చి, అవతలివాడికి గురి కుదిరేలోగా ముఖం తిప్పకుండానే వెనక్కి జారుకోవాలి. ఆ జారుకోవడం రాని బండిలో డ్రైవరుకు మిగిలేవి రెండే దారులు. నిలబడి దెబ్బ తినాలి, లేదా బండిని మలిపి పల్చటి వీపు శత్రువుకు అప్పగించి పరుగెత్తాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ జబ్బుకు పైపై పూతలు కాకుండా మూలంలో వైద్యం చేయించుకున్న బండ్లు మలేసియాలో 48 ఉన్నాయి. పోలండ్ తయారీ పీటీ-91ఎం అది, మలేసియా పెట్టుకున్న పేరు పెండెకర్, యుద్ధవిద్యల్లో ఆరితేరిన మల్లుడని అర్థం. కొత్త కవచ వాహనాల బాలారిష్టాల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఏది విరిగింది, ఎంత ఖర్చయింది అన్న లెక్కతో ఆగిపోతారు. నన్ను ఆకట్టుకునేది మరొకటి. పాత లోపాన్ని చేతికి తీసుకున్న ఇంజనీరు దాన్లో ఏ ముక్క నయం చేయగలడో, ఏ ముక్క జోలికి పోకూడదో ఎలా తేల్చుకుంటాడు అన్నది. పనితనం కనబడేది అక్కడే. పెండెకర్ దానికి మంచి పాఠ్యగ్రంథం.

ముందు ఆ రివర్స్ గేరు కథ. సోవియట్ ఇంజనీర్లు తెలియక చేసిన తప్పు కాదది. వాళ్లకు కావలసింది చిన్న బండి, పొట్టి బండి, 41 టన్నుల్లో ఇమిడిపోయే బండి. అందుకని 12 సిలిండర్ల డీజిల్ ఇంజన్ను వెనక అడ్డంగా పడుకోబెట్టారు. మధ్యలో ఒక పెద్ద గేరుబాక్సు పెట్టే బదులు కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి చిన్న గేరుబాక్సులు డొక్కల్లోకి దోపారు. ఇంజన్ నుంచి ఆ రెండింటికీ శక్తిని మోసుకెళ్లే సన్నటి పళ్లచక్రాల పెట్టెను రష్యన్ మెకానిక్కులు గిటారా అంటారు. ఎంత చోటు మిగిలిందో చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ చోటు మిగిల్చినవాడు ఇంకెక్కడో చెల్లించాలి. అంత చిన్న పెట్టెల్లో వెనక్కి రెండో గేరుకు తావు లేదు. సైన్యం కూడా అడగలేదు, దాని సిద్ధాంతం ముందుకు పోవడమే గనక.

రెండో మూల్యం వర్క్‌షాపులో కట్టాలి. ఇంజన్, గిటారా, రెండు గేరుబాక్సులు, అన్నీ విడివిడిగా బండి ఒళ్లయిన హల్‌కు బిగించి ఉంటాయి. ఇంజన్ పోతే కొత్తది దించి, ఇరుసులన్నీ ఒకే గీత మీదికి వచ్చేదాకా షిమ్ములనే పల్చటి రేకులు వేస్తూ తీస్తూ సరిచూసుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పళ్లు అరిగిపోతాయి. అలవాటున్న మెకానిక్కులకు కూడా అది దాదాపు రోజంతా పట్టే పని.

మలేసియా 2003 ఏప్రిల్‌లో పోలండ్‌కు చెందిన బుమార్-వాబెండి కర్మాగారంతో ఒప్పందం చేసుకునేనాటికి పోలండ్‌వాళ్లు టీ-72ను లైసెన్సు మీద చేసి చేసి పండిపోయారు. 1990లలో దాన్నే మెరుగుపరచి పీటీ-91 అన్నారు, 850 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టారు. గేరుబాక్సుల జోలికి మాత్రం పోలేదు. మలేసియా బేరంతో ఆ మొహమాటం తీరిపోయింది. వార్సాలోని పీజెడ్ఎల్-వోలా కర్మాగారం నుంచి 1000 హార్స్‌పవర్ ఎస్-1000ఆర్ ఇంజన్, జర్మనీ సంస్థ రెంక్ నుంచి ఈఎస్ఎం-350ఎం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ తెచ్చారు. రెండింటినీ ఒకటిగా కలిపేశారు. ఇప్పుడు ఇంజన్, గేరుబాక్సు, వాటిని చల్లబరిచే ఏర్పాట్లు ఒకే ముద్ద. పైమూత తెరిచి, పైపులూ తీగలూ విడదీసి, క్రేన్‌తో సొరుగు లాగినట్టు లాగేయొచ్చు. మరమ్మతు బయట నేల మీద తీరిగ్గా చేసుకోవచ్చు, బండికి ఈలోగా ఇంకో ముద్ద వేసి పంపేయొచ్చు. డ్రైవరు చేతుల్లో పాత రెండు లివర్ల బదులు స్టీరింగ్ వచ్చింది. బండి నిలుచున్నచోటే గిరుక్కున తిరుగుతుంది. వెనక్కి నడక వెనక్కి పరుగైంది.

వినడానికి ఇదంతా విడిభాగాలు మార్చినట్టే ఉంటుంది. నిజానికి అది ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా ఇంకొకరికి తొడిగే పని. కొత్త ట్రాన్స్‌మిషన్ కోసం పాత గూడు పుట్టలేదు. 1000 హార్స్‌పవర్ పుట్టించే వేడి, పాత టీ-72లో 780కి లెక్కగట్టిన రేడియేటర్లలో ఇమడదు. పైగా మలేసియా గాలి ఏడాది పొడవునా వేడిగా, తడిగా ఉంటుంది. బరువు 48 టన్నుల దరిదాపులకు చేరింది. ఇన్ని మార్పులు మోసిన బండి మూలరూపానికి బంధువే తప్ప కవల కాదు. ఒప్పందం 2003లో కుదిరినా ట్యాంకుల రాక 2007 తర్వాత గాని ఊపందుకోలేదంటే ఆశ్చర్యం లేదు. ఇల్లు అలకగానే పండగ కాదుగదా.

డబ్బు సంగతి ఒక్కమాట. సుమారు 37 కోట్ల డాలర్ల ఆ బేరంలో కొంత భాగాన్ని మలేసియా పామాయిల్ రూపంలో చెల్లించేలా రాసుకున్నారు. పెరాక్ రాష్ట్రపు ఎస్టేట్లలో కొబ్బరి, రబ్బరు, తర్వాత పామాయిల్ తోటల్లో తరాలుగా చెమటోడ్చినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆ తోటల గెలలు ట్యాంకులుగా మారి తిరిగొస్తాయని ఏ తాతా ఊహించి ఉండడు.

అసలు ఈ అడవుల దేశానికి ట్యాంకులెందుకు అన్న ప్రశ్న పాతది. బ్రిటిష్‌వాళ్లు మలయాలో ట్యాంకులు నడవవనే అనుకున్నారు. 1942 జనవరి 7న స్లిమ్ రివర్ దగ్గర దాదాపు 30 జపాన్ ట్యాంకులు రోడ్డు పట్టుకుని చీకట్లో దూసుకొచ్చి 11వ భారత డివిజన్‌లోని బ్రిగేడ్లను కొద్ది గంటల్లో చెల్లాచెదురు చేశాయి. బ్రిటిష్ పక్షాన ఆ రోజు ఒక్క ట్యాంకూ లేదు. వారం తర్వాత గెమాస్ దగ్గర ఆస్ట్రేలియా సేనల ట్యాంకు విధ్వంసక ఫిరంగులు కొంత బదులు తీర్చుకున్నాయి. ఇప్పుడు పెండెకర్లను నడిపే 11వ కవచ రెజిమెంటు స్థావరం ఆ గెమాస్‌లోనే ఉంది. నదులు, మెత్తటి నేల, బరువు మోయలేని వంతెనలు నేటికీ నిజమే. అందుకే ట్యాంకులతోపాటు 5 వంతెన వాహనాలు, 6 రికవరీ వాహనాలు, 3 ఇంజనీరింగు వాహనాలు కూడా కొన్నారు. ట్యాంకులు మాత్రమే కొని పరేడ్‌లో తిప్పుకునే దేశాలు లేకపోలేదు. ఈ 14 బండ్లు కొన్నవాళ్లు ట్యాంకును కదిలించాలనే కొన్నారని నా నమ్మకం.

బండి చర్మం దగ్గరికి వద్దాం. పెండెకర్ ముఖం నిండా పలకలు పరిచినట్టు కనబడేది ఎరావా అనే పేలుడు కవచం. రెండు ఉక్కురేకుల మధ్య పేలుడు పదార్థం ఉంటుంది. రాకెట్ వచ్చి తాకగానే పలక పేలి, లోపలికి దూసుకొచ్చే లోహధారను పక్కకు చెదరగొడుతుంది. ఈ ఆలోచన పోలండ్‌ది కాదు, అప్పటికే సోవియట్ ట్యాంకులపై ఇటువంటి పెట్టెలున్నాయి. కానీ వాటి మధ్య సందులుండేవి. సందులో తగిలిన దెబ్బకు పెట్టె ఉన్నా లేనట్టే. పోలండ్‌వాళ్లు పలకను చిన్నది చేసి, అంచుకు అంచు చేర్చి, సందు దాదాపు మిగలకుండా పరిచారు. వాళ్ల సొంత సైన్యపు పీటీ-91పై ఇలాంటివి 394 ఉంటాయి. ఫిరంగిని మోసే టరెట్ వంపు తిరిగే మూలల్లో పలకల అమరిక దగ్గర్నుంచి చూడాలి. నేర్పున్న తాపీమేస్త్రీకి తప్ప పట్టుబడని మూలలవి. పలక చిన్నదైతే ఇంకో లాభం కూడా ఉంది. ఒకటి పేలితే ఖాళీ అయ్యే జాగా చిన్నది, పక్కవాటికి అంటుకోదు.

కళ్లు ఫ్రాన్స్‌వి. సాజెమ్ సంస్థ సవాన్-15 గురి వ్యవస్థ గన్నరుకు, చుట్టూ తిరిగే విజీ-15 దర్శిని కమాండరుకు. గన్నరు ఒక లక్ష్యంతో పోరాడుతుంటే కమాండరు ఇంకో లక్ష్యం వెతికి అందిస్తాడు. 125 మిల్లీమీటర్ల ఫిరంగి స్లొవేకియాది, టరెట్ పోలండ్‌ది. ఈ మూడూ ఒకటైతేనే గుండు తగులుతుంది, కష్టమూ అక్కడే. దర్శిని బిగింపులో మిల్లీరేడియన్ తేడా ఉందంటే కిలోమీటరు దూరంలో మీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో రెండు మీటర్లు పక్కకు పోతుంది. ఎండకు ఫిరంగి గొట్టం పైభాగం వేడెక్కి, కిందిభాగం చల్లగా ఉండి, గొట్టం కొద్దిగా వంగుతుంది. ఆ వంపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక దేశం కంప్యూటరుకు ఇంకో దేశం గొట్టం స్వభావం నేర్పడమంటే వందల గుండ్లు పేల్చి చూడడమే. కొత్త బండ్ల ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇలాంటి అతుకుల దగ్గరే పుడుతుంది. ఏ భాగమూ చెడ్డది కాదు, భాగానికీ భాగానికీ మధ్యే తంటా.

ఇక నయం చేయని లోపం. టీ-72 వంశంలో గుండు దట్టించే నాలుగో మనిషి లేడు. టరెట్ కింద నేల మీద రంగులరాట్నంలా తిరిగే పళ్లెంలో 22 గుండ్లు పడుకుని ఉంటాయి. యంత్రం వాటిని ఒక్కొక్కటిగా లేపి ఫిరంగిలోకి తోస్తుంది. మనిషి తగ్గాడు గనుక బండి ఎత్తు తగ్గింది, కనబడే ఒళ్లు తగ్గింది. కానీ ముగ్గురు సైనికులు మందుగుండు మీద కూర్చుని యుద్ధం చేస్తారు. కవచం లోపలికి దెబ్బ చేరి మందు అంటుకుంటే టరెట్ ఎగిరిపోతుంది. 1991లో ఇరాక్‌లో లోకమంతా చూసింది, ఉక్రెయిన్‌లో మళ్లీ చూస్తోంది. పళ్లెం కంటే దానిలో పట్టక హల్ లోపల అక్కడక్కడా దోపిన మిగతా గుండ్లే ఎక్కువ ప్రమాదకరమని నిపుణులంటారు.

పోలండ్ ఇంజనీర్లు దీని జోలికి పోలేదు. పోతే కొత్త టరెట్ కట్టాలి, కొత్త టరెట్ బరువుకు కొత్త హల్ కావాలి, అప్పుడది మరో ట్యాంకు. ఆ బండి పొట్టితనం, ఆ ప్రమాదం ఒకే వేరునుంచి పుట్టినవి. వాళ్లు చేసింది దెబ్బ లోపలికి రాకుండా పలకలు పరచడం, లేజర్ మీద పడగానే హెచ్చరించే ఓబ్రా వ్యవస్థ, పొగగుండ్లు పెట్టడం. ఆపైన వెనక్కి పరుగెత్తే కాళ్లు. రివర్స్ గేరు విలువ ఈ పళ్లెంతో కలిపి చూస్తేనే పూర్తిగా తెలుస్తుంది. దెబ్బ తింటే బతకని బండికి తప్పించుకునే వేగమే కవచం.

మలేసియాకు ఈ పాఠం పుస్తకాల్లో దొరికింది కాదు. 1980లలో జర్మనీ నుంచి 400కు పైగా కాండోర్ బండ్లు కొన్నారు. నాలుగు చక్రాలు, సుమారు 12 టన్నులు, యూనిమాగ్ లారీ భాగాలమీద కట్టింది. నడపడం తేలిక, మరమ్మతు తేలిక, రైఫిల్ తూటా ఆగుతుంది. అంతకు మించి అడగకూడని బండి. 1993 అక్టోబరు 3 రాత్రి సోమాలియాలోని మొగదిషులో చిక్కుకుపోయిన అమెరికన్ సైనికులను తెచ్చేందుకు ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లింది మలేసియా కాండోర్లే. అమెరికన్లను ఎక్కించుకోవడానికి మలేసియా పదాతిదళం దిగిపోయింది, డ్రైవర్లు, గన్నర్లు మాత్రం తమ బండ్లలోనే ఉన్నారు. రాకెట్ దెబ్బలకు బండ్లు పోయాయి, మాట్ అజ్నాన్ అవాంగ్ అనే మలేసియా సైనికుడు చనిపోయాడు. ఆ రాత్రిని సినిమాగా తీసిన హాలీవుడ్ మలేసియన్లను దాదాపు మరిచిపోయింది. వాళ్లకు ఇప్పటికీ గుచ్చుకునే ముల్లు అది.

తర్వాత అడుగు సొంత కర్మాగారం. 2000లో టర్కీ సంస్థ ఎఫ్ఎన్ఎస్ఎస్‌తో 211 ఏసీవీ-300 కవచ బండ్లకు ఒప్పందం చేసుకుని కొన్నింటిని పహాంగ్ రాష్ట్రంలోని పెకాన్‌లో డెఫ్‌టెక్ చేతులమీదుగా కట్టారు. 1942లో సింగపూర్‌లో పోరాడి చనిపోయిన లెఫ్టినెంట్ అద్నాన్ సైదీ పేరు వాటికి పెట్టారు. అద్నాన్ హల్ అల్యూమినియంతో వెల్డ్ చేసింది, పైన ఉక్కు పలకలు బోల్టులతో బిగిస్తారు. అల్యూమినియం వెల్డింగు చేసేవాడికి తేమ పగవాడు. తడినుంచి విడిపోయిన హైడ్రోజన్ కరిగిన లోహంలో బుడగలై చిక్కుకుంటుంది. పైకి నున్నగా, లోపల జల్లెడ. ఎక్స్‌రే తీస్తే గాని బయటపడదు. పెకాన్ చూస్తే సముద్రం ఒడ్డు, ఈశాన్య రుతుపవనం నేరుగా తాకే చోటు. అక్కడ తీగను పొడిగా ఉంచుకోవడం, అతుకుకు ముందు ప్లేటు అంచును గీకి శుభ్రం చేసుకోవడం చేతి అలవాటు కాకపోతే బండి పనికిరాదు. మన దగ్గర సంగారెడ్డి దాపున ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1987 నుంచి బీఎంపీ-2 కవచ వాహనాన్ని సారథ్ పేరుతో కడుతూ వచ్చింది. లైసెన్సు పనిని చిన్నచూపు చూసేవాళ్లు ఆ షెడ్లలో ఒక్క పూట నిలబడి చూడాలి.

ఆ అనుభవం మీద కట్టిందే 8 చక్రాల ఏవీ8 గెంపిటా. మూలం ఎఫ్ఎన్ఎస్ఎస్ వారి పార్స్. 2011లో ఒప్పందం, 257 బండ్లు, దాదాపు 755 కోట్ల రింగిట్లు, 2014 నుంచి సైన్యం చేతికి. భాగిస్తే బండికి దాదాపు 2.9 కోట్ల రింగిట్లని తేలేసరికి పార్లమెంటులో ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. రూపకల్పన, శిక్షణ, ఆయుధాలు కలిసిన మొత్తాన్ని బండ్ల సంఖ్యతో భాగించడం పెళ్లి ఖర్చును విస్తళ్లతో భాగించినట్టే గాని, అడగవలసిన ప్రశ్నే అడిగారు.

బండి పనితనం మాత్రం మెచ్చుకోదగ్గది. 8 చక్రాల బండ్లలో ఎక్కువవాటికి ముందు ఒకపక్క ఇంజన్, రెండోపక్క డ్రైవరు. డ్రైవరుకు ఇంజన్ మూత అడ్డొచ్చి సగం లోకం కనబడదు. పార్స్ రూపకర్తలు ఇంజన్ను వెనక్కి నెట్టి డ్రైవర్ని, కమాండర్ని ముక్కు మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. ఎడమా కుడీ రెండూ కనబడతాయి. ఇరుకు సందుల్లో, ఎస్టేట్ రోడ్ల మలుపుల్లో ఇది ఎంత హాయో దాదాపు 30 టన్నుల బండి తోలేవాడికే తెలియాలి. ఈ వరానికీ ఖరీదుంది. ఇంజన్ ఇనుము ముందు అడ్డుగా ఉండదు, మొదటి చక్రం కింద మందుపాతర పేలితే ఆ ఇద్దరే దగ్గర. ఆ లెక్క తెలిసే చేశారు.

గెంపిటా అసలు తలనొప్పి 12 రూపాలు. 25 మిల్లీమీటర్ల ఫిరంగితో టర్కీ టరెట్, 30 మిల్లీమీటర్ల ఫిరంగితో దక్షిణాఫ్రికా డెనెల్ టరెట్, దానికే క్షిపణులు తగిలించినది, మోర్టారు, అంబులెన్సు, రికవరీ, సిగ్నల్స్... ఒకే హల్ మీద ఇన్ని వేషాలు కట్టించడం రూపకర్త సత్తాకు గుర్తు. టరెట్ మారిన ప్రతిసారీ బండి బరువు కేంద్రం మారుతుంది, స్ప్రింగుల లెక్క మారుతుంది, తిరిగే కీలు గుండా పోయే తీగల అమరిక మారుతుంది, నీళ్లలో తేలే తీరు మారుతుంది. అంటే 12 బాలారిష్టాలు విడివిడిగా దాటాలి. 257 బండ్ల సైన్యానికి ఇన్ని రూపాలు ఎక్కువని నా అభిప్రాయం, సగం చాలు. స్టోరు గదిలో ఎన్ని రకాల విడిభాగాలు పేర్చినా కావలసింది మాత్రం ఉండదు. పైగా డెనెల్ తర్వాతి సంవత్సరాల్లో జీతాలే ఇవ్వలేని స్థితికి దిగజారింది.

2025 జులైలో మలేసియా ఆడిటర్ జనరల్ నివేదిక గెంపిటాల లెక్కను విప్పింది. 68 బండ్లు గడువు దాటి వచ్చాయి, దానికి వసూలు చేయవలసిన 16 కోట్ల 27 లక్షల పైచిలుకు రింగిట్ల జరిమానా అప్పటికింకా వసూలు కాలేదు. విడిభాగాలు, మరమ్మతు సేవల ఆలస్యాల మీదా అక్షింతలు పడ్డాయి.

ఇది మలేసియా జబ్బే అనుకుంటే పొరపాటు. 2010లో ఒప్పందమైన బ్రిటన్ ఏజాక్స్ బండ్లు చప్పుడుతో, అదురుతో సైనికుల చెవులు చెడగొట్టి పరీక్షలే ఆగిపోయేదాకా వచ్చాయి. ఆ జబ్బు బండి ఒంట్లోనే ఉంది. 2022 డిసెంబరులో జర్మనీ విన్యాసాల్లో 18 పూమా బండ్లకు 18 మూలనపడ్డాయి. దేశం తల దించుకుంది. విప్పి చూస్తే చాలావరకు చిన్న లోపాలే, కొద్ది వారాల్లోనే దాదాపు అన్నీ లేచి నిలబడ్డాయి. విడిభాగాలు, తెలిసిన చేతులు అందుబాటులో ఉండబట్టి. పెండెకర్‌కు ఆ సౌకర్యం లేదు. ఎస్-1000ఆర్ ఇంజన్ లోకంలో చాలా అరుదు, పోలండ్ తన సొంత పీటీ-91లను 2023 నుంచి ఉక్రెయిన్‌కు పంపేస్తూ వచ్చింది. గెమాస్ వర్క్‌షాపులో ఆ ఇంజన్ ముద్దను బయటికి లాగడం తేలికే, దాని స్థానంలో దించడానికి రెండో ముద్ద తెప్పించుకోవడమే కష్టం.